ముందు మిగిలినవి

మా తమ్ముడు లెక్కల మాస్టారు. మెదడులో గడ్డతో పోయి నాలుగు నెలలైంది. చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు. తెలివి తప్పడం ఎప్పుడు మొదలైందో డాక్టర్లు చెప్పలేకపోయారు.

నాకు తెలియాల్సింది అదే. అమ్మ పోయిన రోజు నేను ఆలస్యంగా వచ్చాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాడు నాతో ముభావంగానే ఉన్నాడు. ఆసుపత్రిలో చేరడానికి ముందు వారం ఉన్నట్టుండి, "అక్కా, అందులో నీ తప్పేం లేదులే" అన్నాడు. ఆ మాట వాడన్నదా, జబ్బు వాడి చేత అనిపించిందా?

ఆ వారమే వాడొక పజిల్ పెట్టాడు. ఒకరు డబ్బా దాచి చోటును అంకెల్లో చెబితే, మిగతావాళ్ళు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతికే ఆట అది. జియోకాషింగ్ అంటారు. వాడు అక్షాంశం, రేఖాంశాల చివరి అంకెలను, పదుల లెక్కకు బదులు నాలుగుల లెక్కలోకి మార్చి రాశాడు. సున్నా నుంచి మూడు దాకా తప్ప వేరే అంకె లేదు. కింద ఒక సూచన: "మా అమ్మ లెక్కపెట్టినట్టు."

ముగ్గురు చేసి చూసి, లెక్క తప్పు, చోటు సాగర్ నీళ్ళలో పడుతోందని ఆ ఆట యాప్‌లో పజిల్ కింద రాశారు. నేనూ కాగితం మీద చేశాను. నీళ్ళలోనే పడింది. అయితే అప్పటికే తెలివి తప్పిందన్నమాట. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

మొన్న గురజాలలో పిన్ని ఇంటికి వెళ్ళాను. కోళ్ళ గంప దగ్గర గుడ్లు ఏరి, అమ్మలాగే నాలుగేసి చొప్పున పుంజీలుగా పెడుతోంది.

"మూడు, రెండు పుంజీలు" అంది.

"మూడేంది పిన్నీ?"

"మిగిలినయ్యే. పుంజీలు కంటికి కనపడతయ్, మిగిలినయ్యే మర్చిపోతాం. అందుకే అవి ముందు చెప్పాల. మీ అమ్మా అంతేగా. అన్ని పుస్తకాలు చదివావు, గుడ్లు లెక్కపెట్టడం రాదేందే?"

పదకొండు గుడ్లు. మూడు, రెండు. మేమైతే దాన్ని మూడు పుంజీల రెండు అని, పద్నాలుగని చదివేవాళ్ళం. వాడు అమ్మలా మిగిలినవి ముందు రాస్తే, మేం అంకెలన్నీ తిరగేసి చదివాం.

కాగితం తీసి అరుగు మీదే మళ్ళీ చేశాను. ఈసారి చోటు దుర్గి దగ్గర నేల మీద పడింది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళాను. చేను గట్టున వాలిపోయిన నాపరాయి కింద ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఉంది. లోపల చిన్న నోటు పుస్తకం. మొదటి పేజీలో వాడి లెక్క. నాలుగుల్లోకి మార్చి, మళ్ళీ పదుల్లోకి మార్చి సరిచూసుకున్నాడు. పక్కన, పిల్లల పేపర్ల మీద పెట్టినట్టే, ఎర్ర టిక్కు.

పిన్నికి ఫోన్ చేశాను. "దొరికింది."

"దొరక్కేం! వాడి లెక్క ఎప్పుడు తప్పిందే? తప్పింది నువ్వు. తొందరగా రా, అన్నం చల్లారిపోద్ది."

డబ్బా ఎక్కడిదక్కడ పెట్టి, యాప్‌లో ఆ ముగ్గురి మాటల కింద "లెక్క సరిగ్గానే ఉంది" అని రాశాను. ఎలాగో రాయలేదు. ఆటో అతను పిలిచేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నాను. నా తప్పేం లేదని అన్నది వాడే.