దేవుడి కమ్మలు

నా చిన్నప్పుడు ఉద్దానంలోని మా ఊళ్ళో దేవుడి ఆస్తికి కాపలాదారు మా తాతయ్యే. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. చర్చికి సంఘపెద్ద కాబట్టి ఆదివారం ప్రసంగమూ ఆయనదే. కొబ్బరితోట, జీడితోట, ధాన్యం గది అన్నీ ప్రభువువేననీ, తాను గృహనిర్వాహకుణ్ణి మాత్రమేననీ చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చేవి.

ఒక ఏడు తుఫానుకి సగం తోట నేలకూలింది. జీడిపిక్కలు కొట్టి బతికే పక్కింటి అత్త ఇంటి కప్పు ఎగిరిపోయింది. మంచం పట్టిన తల్లిని గోనెపట్టా కింద పడుకోబెట్టి మా గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యా, పడిపోయిన కొబ్బరి కమ్మలు కొన్ని ఇప్పించు. ఇల్లు కప్పుకుంటాను."

"నాదైతే ఇవ్వనా తల్లీ? దేవుడిది. రేపు ఆయనడిగితే నానేటి సెప్పాలి?" అన్నాడు తాతయ్య, ఎంతో మెత్తగా.

కమ్మలన్నీ అమ్మకానికి పెరట్లో పేర్చారు. వాన మాత్రం ఆగలేదు.

ఆదివారం తాతయ్య పలాస నుంచి దుప్పట్లు తెప్పించాడు. చర్చిలో అందరి ముందూ అత్తని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, ఒకటి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తడిమి చూసింది.

"మాయమ్మ తెల్లారగట్ల పోయింది మావయ్యా. మీద కప్పడానికి పనికొస్తాది."

తాతయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. చేతులు పైకెత్తి, దుప్పటిని సమయానికి అందించిన దేవుడికి స్తోత్రం చెప్పాడు. సంఘమంతా ఆమేన్ అంది. నా పక్కన నాయనమ్మ ఒక్కతే నోరు విప్పలేదు.

ఇంటికొస్తూనే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కమ్మలు ఈడ్చుకుంటూ అత్త ఇంటివైపు నడిచింది. తాతయ్య వీధిలో అడ్డం పడ్డాడు.

"ఎవుల్నడిగి తీసినావు?"

"దేవుణ్ణే అడిగినాను. పట్టుకుపో అన్నాడు."

ఊరంతా చూస్తుండగా చెంప మీద కొట్టాడు. నాయనమ్మ కింద పడింది. పెదవి చిట్లింది. లేచి, పైట కొంగుతో తుడుచుకుని, మళ్ళీ కమ్మ అందుకుంది. ఆమెకి సాయం పట్టడానికి ఒక్కరూ కదల్లేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ తాతయ్య ఆమెతో మాట్లాడలేదు. ఆదివారం ప్రసంగాలు మాత్రం మానలేదు. జనం ఆయన్ని దాత అనే చెప్పుకున్నారు.

ఇప్పుడా తోట నా చేతికి వచ్చింది. ఎవరైనా ఏదైనా అడిగితే నా నాలుక మీదికి ముందొచ్చేది ‘దేవుడిది’ అన్న తాతయ్య మాటే, ఆ మెత్తదనంతో సహా. అది గొంతు దాటకముందే లేచి వెళ్ళి వాళ్ళకి కావలసింది చేతికిస్తాను. దానం చేశానని ఎప్పుడూ అనుకోను. వాళ్ళది వాళ్ళకి ఆలస్యంగా అప్పగించాననే అనుకుంటాను.