పెళ్లిచూపుల్లో మదర్‌బోర్డు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. కొంగు మీద నెమలి రావాలన్నా, అంచులో మామిడి పిందెలు రావాలన్నా ముందు ఆయన గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపాలి. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే బొమ్మ నేతలోకి దిగుతుంది. తొంభైల చివర్లో ఈ పని మెల్లగా కంప్యూటర్ల మీదికి మారింది. అప్పటికే నాయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. అనంతపురంలో కంప్యూటర్లు చదువుకుని వచ్చిన నేను ముందుగదిలో మూడు పాత కంప్యూటర్లు పెట్టుకుని, ఆయన పెన్సిలుతో గీసిచ్చిన బొమ్మలను గళ్లలోకి మార్చేదాన్ని.

ఆ కంప్యూటర్లు మమ్మల్ని ఏడిపించేవి. పెద్ద కొంగు సగంలో ఉండగా తెర బిగుసుకుపోయేది. నాయన నా పక్కన కూర్చుని వారమంతా రంగులు చెప్పి చేయించిన హంసల కొంగు ఒకటి అలాగే పోయింది. ఆయన కోప్పడలేదు. వణికే చేత్తోనే మళ్లీ పెన్సిలు పట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీ వల్ల, విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్సు అప్పటికే నాకు కొంత తెలుసు. దాని మీద నడిచే సర్వరు, అంటే పెద్ద కంప్యూటరు, ఒకటి పెట్టుకుంటే పాత కంప్యూటర్లు ఉత్త తెరల్లా ఉంటాయి, బరువంతా సర్వరు మోస్తుంది. బొమ్మను గళ్లుగా మార్చే లెక్క చాలా పెద్దది. అది నడుస్తున్నంతసేపూ మిగతా తెరల మీద పని ఆగకుండా ఉండాలంటే రెండు ప్రాసెసర్లు కావాలి. రెండు ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డులు బెంగుళూరులో దొరికేవి. వాటిలో ఏది లినక్సుతో కలిసి కాపురం చేస్తుందో చెప్పేవాళ్లు మాత్రం మా ఊళ్లో లేరు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని దొరికిన వివరాలన్నీ ప్రింటు తీసి తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే పెనుకొండ నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. అబ్బాయి హిందూపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. పలకరింపులయ్యాక పిల్లలను కాసేపు మాట్లాడుకోనిమ్మని మా అవ్వ మమ్మల్ని ముందుగదిలోకి పంపింది. ఆయన నన్ను చూడకుండా బల్ల మీది ప్రింట్లు చూస్తూ నిలబడ్డాడు. నాకు చిరాకేసింది. ఇంతలో ఒక కాగితం చేతిలోకి తీసుకుని అడిగాడు.

"రెండు ప్రాసెసర్ల బోర్డు కోసం చూస్తాండారా? లినక్సుకేనా?"

అవునన్నాను. ఎందుకో చెప్పాను. హంసల కొంగు సంగతి కూడా చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విని, అన్నిటికంటే కొత్త బోర్డు మీద వేలు పెట్టాడు. దాంట్లో డిస్కులను నడిపే చిప్పు చాలా వేగమైనదట. వేగం సరే, ఆ చిప్పును లినక్సు గుర్తుపట్టకపోతే ఏం చేస్తామని నేను అడిగాను. కొంచెం పాతదైనా, అందరూ వాడి బాగుందన్న బోర్డే నయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. అవ్వ తొంగిచూసేసరికి కాఫీలు మీగడ కట్టి ఉన్నాయి.

ఏం మాట్లాడుకున్నారని వాళ్లమ్మ అడిగితే, మదర్‌బోర్డు గురించి అన్నాడు. అవ్వకు మొదటి ముక్క అర్థమైంది. మిషన్ ఆస్పత్రిలో పెద్ద సిస్టరును మదర్ అనే పిలిచేవాళ్లు, అంటే అమ్మ అని ఆమెకు తెలుసు. పెనుకొండవాళ్లు వెళ్లిపోయాక, ఆ పిల్లోడు వాళ్లమ్మ గురించే మాట్లాడినాడంట, గుణం మంచిదని ఇంట్లో అందరికీ చెప్పింది.

నేను అప్పుడే ఏమీ చెప్పలేనన్నాను. నాయన బలవంతపెట్టలేదు.

"పెండ్లి మాట నిదానంగా చూద్దాంలే పాపా. ముందు ఆ బోర్డు సంగతి తేల్చుకో. ఆ అబ్బాయిని గూడా రమ్మందాం, ఇద్దరూ చూస్తే మంచిది" అన్నాడు.

ఆదివారం కాకుండా, అంగళ్లు తెరిచి ఉండే రోజు చూసుకుని నాయనా నేనూ పొద్దున్నే బెంగుళూరు ప్యాసింజరెక్కాం. ఆ అబ్బాయి హిందూపురంలో ఎక్కాడు. అవ్వ కట్టిచ్చిన చిత్రాన్నం ముగ్గురం పంచుకున్నాం.

బెంగుళూరులో అంగడాయన బోర్డులను పెట్టెల్లోంచి తీయడానికే ఇష్టపడలేదు. కొనకముందే బిగించి చూపించమంటే ఎవరికి కుదురుతుందన్నాడు. కన్నడ సరిహద్దులోని హిందూపురంలో ఉండేవాడు కాబట్టి ఆ అబ్బాయికి కన్నడం మన భాషంత సులువు. ఏం చెప్పాడో గానీ కాసేపటికి అంగడాయన నవ్వి, వెనక గది చూపించాడు.

ముందు పెళ్లిచూపుల్లో ఆయన చెప్పిన కొత్త బోర్డు బిగించాం. నా సీడీ పెడితే లినక్సు లేచింది గానీ, డిస్కు ఒక్కటి కూడా కనిపించలేదు. ఆయన సెట్టింగులు మార్చాడు, కేబుళ్లు మార్చాడు, చెమటలు తుడుచుకుంటూ చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి తనే బోర్డు విప్పి, జాగ్రత్తగా కవరులో పెట్టి, నాయన వైపు తిరిగాడు.

"నేను చెప్పింది తప్పు సార్. ఆమె చెప్పిందే కరెక్టు. ఇది కొని ఉంటే మీ పని నిలిచిపోయేది."

ఆ మాటలో ఎక్కడా చిన్నబుచ్చుకోవడం లేదు. నేను ఆయన ముఖంలోకి సరిగ్గా చూసింది అప్పుడే.

తర్వాత నేను చెప్పిన పాత బోర్డు. డిస్కులు కనిపించాయి, నెట్‌వర్కు కనిపించింది. ప్రాసెసరు మాత్రం ఒకటే చూపించింది. ఆయన తెర మీది వరుసలన్నీ చదివి, బోర్డులో లోపమేమీ లేదనీ, నా సీడీలోని కెర్నల్, అంటే లినక్సు గుండెకాయ లాంటి ముక్క, ఒక్క ప్రాసెసరు కోసం తయారైనదనీ అన్నాడు. సంచిలోంచి ఒక ఫ్లాపీ తీశాడు. రెండు ప్రాసెసర్లను చూడగలిగే కెర్నల్ తన ల్యాబులో తయారు చేసుకుని తెచ్చాడట. అది పెట్టగానే తెర పైన లినక్సు గుర్తు, ఆ బొద్దు పెంగ్విన్ పక్షులు, పక్కపక్కన రెండు నిలబడ్డాయి.

"ఇవేం పక్షులప్పా?" అని నాయన ముందుకు వంగాడు.

"ప్రాసెసరుకు ఒకటి సార్. రెండూ పనిచేస్తాండాయి."

నాయన కళ్లజోడు సవరించుకుని వాటినే చూశాడు. ముక్కు కింద గీత ఇంకొంచెం వంపు తిరిగితే బాగుండేదని, ఎవరో తొందరపడి గీసినారని అన్నాడు. ఆ అబ్బాయీ నేనూ ఒకర్నొకరు చూసుకుని నవ్వాం.

తిరుగు రైల్లో నాయన బోర్డు పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్నాడు. హిందూపురంలో ఆ అబ్బాయి దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అంతా బిగించేటప్పుడు ఫోన్ చేయండి, వస్తా. పెండ్లి విషయంలో మీరు వద్దన్నా వస్తా. దానికీ దీనికీ సంబంధం పెట్టుకోవద్దండి" అన్నాడు.

రైలు కదిలింది. పెనుకొండ దాటాక నేనే అన్నాను.

"వాళ్లకు సరేనని చెప్పు నాయనా."

ఆయన తలూపాడు. వణికే చెయ్యి తీసి నా తల మీద పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు.

సర్వరు బిగించడానికి హిందూపురం నుంచి ఆ అబ్బాయి రెండు ఆదివారాలు వచ్చాడు. పెళ్లయ్యాక ధర్మవరంలోనే ఉండి రోజూ రైల్లో హిందూపురం పోయి వచ్చేవాడు. ఆ సర్వరు అప్పుడప్పుడు మొరాయించకపోలేదు. ఒక ఎండాకాలం ఫ్యాను ఆగిపోయి మమ్మల్ని బాగా బెదరగొట్టింది. అయినా కొన్నేళ్లపాటు ఎన్నో కొంగులు దాని మీదుగానే మగ్గాలకు పోయాయి. సెలవు రోజుల్లో నాయన అల్లుడి పక్కన కుర్చీ వేసుకునేవాడు. మౌసు అల్లుడి చేతిలో ఉండేది, కళ్లు మాత్రం నాయనవి. నేను అంచు పనిలో ఉండగా వెనకనుంచి ఆయన మాట వినిపిస్తుండేది.

"ఈడ ఎరుపు వద్దప్పా. కుంకుమ రంగు వెయ్యి. ఆ, అట్లా. ఇప్పుడు బాగుండాది."