పైగదికి షట్‌డౌన్

ఆ రోజుల్లో మనుషుల లోపాలకి ఇప్పుడున్నన్ని పేర్లు ఉండేవి కావు. మా ఇంట్లో వాడుకలో ఉన్నవి రెండే: బద్ధకం, చాదస్తం. ఒక్కొక్కరికీ ఏదో ఒకటి దక్కేది. నాకు రెండూ దక్కాయి. పుస్తకాలు ఎత్తు ప్రకారం పేర్చుకుని, ఎవరైనా ఒకటి తీసి వేరేచోట పెడితే అన్నం మానేసేవాణ్ణి కనక చాదస్తం. అదే పుస్తకాల పక్కన పాలు తాగిన గ్లాసు అడుగంటి ఎండిపోయినా తీసేవాణ్ణి కాదు కనక బద్ధకం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కాపురం చేస్తాయని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ముప్పై దాటాక ఒక డాక్టరు గారు ఓపిగ్గా నా గోడంతా విని, "దీన్ని ఆటిజం అంటారండీ, మీరు పుట్టడమే ఇలా పుట్టారు" అని చెప్పేదాకా ఆ రెండు బిరుదులూ మోస్తూనే తిరిగాను.

ఈ కథ జరిగేనాటికి ఆ డాక్టరు గారు ఇంకా చాలా దూరంలో ఉన్నారు. ఇంజనీరింగ్ పూర్తి చేసి, కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లో ట్రైనీగా చేరాను. మొదట మరో ముగ్గురు ట్రైనీలతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఒకడి రేడియో, ఇంకొకడి తలనూనె వాసన, మూడోవాడు బల్లమీద వేళ్ళతో వాయించే డప్పు, అన్నీ ఒకేసారి నా తలలోకి దూరిపోయేవి. డ్యూటీ దిగాక ఆ గదికి వెళ్ళలేక బస్టాండులో కూర్చునేవాణ్ణి (అక్కడ గోల ఇంకా ఎక్కువే గాని, ఆ గోలకి టైంటేబులుంది). అలాంటి దశలో ఒక రిటైరైన లెక్కల మేష్టారి ఇంటి మీద గది దొరికింది. ఫ్యాను చప్పుడు చెయ్యదు. కింద ఉండేది మేష్టారూ, ఆయన భార్యా ఇద్దరే. ఆవిణ్ణి నేను మామ్మగారూ అనేవాణ్ణి. తలుపేసుకుంటే చాలు, నా తల నాకు తిరిగొచ్చేది. అందుకే ఆ గది పోతుందనేసరికి మళ్ళీ బస్టాండే గతి అనుకున్నాను.

పోయేంతవరకూ వచ్చింది చీమల వల్ల. అమ్మ పంపిన పూతరేకుల డబ్బా మంచం కింద పెట్టి మరిచిపోయాను. చీమలు మరిచిపోలేదు. గోడవారగా బారులు తీరి, కిటికీలోంచి దిగి, కింద మామ్మగారి దేవుడి గదిలోకి ఊరేగింపుగా వెళ్ళాయి. ఆవిడ వాటి దారి పట్టుకునే పైకొచ్చారు. గది చూశారు.

"బాబూ, ఇందులో నువ్వెక్కడ పడుకుంటున్నావు?"

చూపించాను. మంచానికి ఎడమ పక్కన నా కొలతకి సరిపడా ఖాళీ ఉంది.

"ఆదివారం దీపాల వేళకి వస్తాను. గది గదిలా ఉంటే ఉండు. లేదంటే ఒకటో తారీఖుకి ఖాళీ చేసెయ్యి నాయనా. నువ్వు మంచివాడివే, కాదన్ను. కానీ చీమలు నైవేద్యం మొదలుపెట్టేశాయి, దేవుడి కంటే ముందు!"

గది శుభ్రం చెయ్యాలని నాకూ ఉంది. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, చీపురు పట్టుకుని, గది మధ్య నిలబడేవాణ్ణి. నిలబడే ఉండేవాణ్ణి. "గది శుభ్రం చెయ్యి" అనేది మీకు ఒక మాటగా వినిపిస్తుందేమో. నాకు అది వందమంది ఒకేసారి పిలిచినట్టుండేది. నేల ఊడవాలంటే నేలమీది బట్టలు తియ్యాలి. బట్టలు మంచం మీద పెడదామంటే మంచం నిండా పుస్తకాలు. పుస్తకాలు అరలో పెడదామంటే అరలో గిన్నెలు. గిన్నెలు తోముదామంటే బకెట్లో నానబెట్టిన చొక్కాలు. వాటిని ఆరేద్దామంటే తాడుమీద ఎండిపోయిన బట్టలు, అవి మడతపెట్టడానికి మళ్ళీ మంచం కావాలి. ఈ సంగతంతా కాగితం మీద గీస్తే చక్కగా గుండ్రంగా వచ్చింది. ఎక్కడా తెగలేదు. గది ఊడవలేకపోయాను గాని, ఆ బొమ్మని చాలాసేపు మెచ్చుకుంటూ చూశాను. పైగా కొబ్బరి ఈనెల చీపురు సిమెంటు నేలమీద చేసే బరబర శబ్దానికి నా పళ్ళు జివ్వుమనేవి. ఫినాయిలు సంగతి ఇక చెప్పను.

చివరికి తునిలో ఉండే మా పెద్దనాన్న గారి అబ్బాయికి ఫోన్ చేశాను. అన్నయ్య మనిషి రయ్యిమంటాడు. శనివారం పొద్దున్నే రైలు దిగి, మెట్లమీంచే చొక్కా చేతులు మడుస్తూ వచ్చాడు.

"ఇదెంత పనిరా! దీనికి నేను తుని నుంచి రావాలా?"

"ముందు ఏది చెయ్యాలో తెలీడం లేదన్నయ్యా."

"ముందూ వెనకా ఏంట్రా, అన్నీ కలిపి చేసెయ్యడమే! మొత్తం లాగి మధ్యలో పోద్దాం. అప్పుడు గది దానంతటదే ఖాళీ అవుతుంది."

వద్దనేలోపే అర దులిపేశాడు. గిన్నెలు, పుస్తకాలు, మల్టీమీటరు, కందిపప్పు, నా సర్టిఫికెట్ల ఫైలు, సగం వాడిన సబ్బు, అన్నీ గది మధ్యకొచ్చి ఒక గుట్ట అయ్యాయి. చీమలు దానిమీదికి కొత్త దారి వేసుకున్నాయి. తర్వాత అన్నయ్య గుట్టని రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూశాడు. చూసే కొద్దీ ముఖంలో రయ్యి తగ్గింది.

"ఒరే తమ్ముడూ, ఇది కొంచెం పెద్దపనే. మా మావగారు పెద్దాపురంలో వెయిట్ చేస్తుంటారు. మిగతాది ఐదు నిమిషాల్లో అయిపోతుందిలే, నువ్వు కానిచ్చెయ్" అని భుజం తట్టి దిగిపోయాడు.

నేను బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. అలాంటప్పుడు నాకు మాట రాదు, ఏడుపూ రాదు, ఎవరో లోపల స్విచ్ ఆపేసినట్టు ఉంటుంది. మేష్టారు కిందనుంచి "టిఫిను తిన్నావా?" అని అడిగితే జవాబు చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆయన నేను పొగరుగా ఉన్నాననుకుని ఉంటారు (తర్వాత అడిగాను, అనుకున్నారుట).

ఎంతసేపు అలా ఉన్నానో గాని, దూరంగా ఫ్యాక్టరీ సైరను వినబడింది. దాంతో ఆ నెల జరుగుతున్న షట్‌డౌన్ గుర్తొచ్చింది. అంత పెద్ద ప్లాంటుని ఏడాదికోసారి ఆపి, విప్పి, శుభ్రం చేస్తాం. అయితే "ప్లాంటు శుభ్రం చెయ్యి" అని అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక భాగాన్ని మిగతావాటి నుంచి విడదీస్తారు. దాని వాల్వులు మూసి ఎర్ర ట్యాగులు కడతారు. ట్యాగున్న దాన్ని ఎవరూ ముట్టుకోరు, కట్టినవాడే విప్పాలి. అలా ఒక్కో భాగం. లీకున్నది ముందు.

నా గదిలో లీకున్నది అంటే చీమలు బయల్దేరిన మంచం కింద మూల. బూట్లు కొన్న అట్టపెట్టె కత్తిరించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో "ముట్టవద్దు, పని జరుగుతున్నది" అని రాసి ట్యాగులు చేశాను. అన్నయ్య పోసిన గుట్ట మీద దుప్పటి కప్పి ఒక ట్యాగు, అరకి ఒకటి, బకెట్‌కి ఒకటి, మంచం మీది పుస్తకాలకి ఒకటి. ట్యాగు కట్టిన ప్రతిదీ నోరు మూసుకుంది. ఆ హాయి ఎలా చెప్పను! గదిలో నన్ను పిలుస్తున్నది ఒక్క మూలే మిగిలింది. చెవుల్లో దూది పెట్టుకుని, ముక్కుకి రుమాలు కట్టుకుని మంచం కిందికి దూరాను. మిగిలిన శనివారమూ, ఆదివారమూ ఆ మూలకే సరిపోయాయి. కానీ ఆ మూల మాత్రం ప్రయోగశాలలా తయారైంది.

ఆదివారం దీపాల వేళకి మామ్మగారు వచ్చారు, వెనకే మేష్టారు.

"అయిందా బాబూ?"

"లేదండీ."

(ఇలాంటప్పుడు "అయిపోవచ్చిందండీ" అనాలని నాకు ఇప్పుడు తెలుసు.)

"మరి ఎంతయింది?"

"పావు వంతండీ."

"పావంటే ఇరవై అయిదు" అన్నారు మేష్టారు. "ముప్పై అయిదొస్తే గాని పాసవ్వడు." అంటూ దారికడ్డంగా ఉందని బకెట్ పక్కకి జరపడానికి వంగారు.

"ముట్టుకోకండి!" అని అరిచాను.

ఆ అరుపుకి ముగ్గురం ఉలిక్కిపడ్డాం. రోజూ పొద్దున్న మామ్మగారు తడి చీర దండెం మీద ఆరేసి, మేష్టారు అటు నడిస్తే వేసే కేక అచ్చం అలాగే ఉంటుంది. గది ఇక పోయినట్టే అనుకున్నాను. మామ్మగారు ట్యాగు దగ్గరికి వంగి, కూడబలుక్కుని చదివారు.

"ఇదేంటి?"

నేను చెప్పాను. ప్లాంటూ, వాల్వులూ, లీకూ, ఏదీ వదలకుండా అంతా చెప్పాను.

"అంటే నువ్వు కట్టింది ఇంకొకళ్ళు విప్పకూడదు."

"విప్పకూడదండీ."

"తాకనూ కూడదు."

"కూడదండీ."

"పొరపాటున తాకితే?"

"మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలండీ."

మామ్మగారు మేష్టారి వైపు తిరిగారు. "విన్నారా? పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే కదూ! మడి అంటే మూఢనమ్మకం అన్నారు. చూడండి, వీళ్ళ ఫ్యాక్టరీలో జీతమిచ్చి మరీ పాటిస్తున్నారు."

మేష్టారు బకెట్ దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశారు. ఆవిడ మంచం కిందికి వంగి, గోడవారగా చెయ్యి పెట్టి తడిమారు. ఒక్క చీమ లేదు.

"సరే. వచ్చే ఆదివారం ఇంకో మూల. కానీ ఒక్క చీమ మళ్ళీ కిందికి దిగిందో..."

"ఒకటో తారీఖండీ" అన్నాను.

"అదీ!" అని, వెళ్తూ వెళ్తూ ఆగారు. "ఇలాంటివి ఇంకో రెండుంటే ఇయ్యి."

మర్నాటి నుంచి దండెం మీది మడిచీరకి ఒక ఎర్ర ట్యాగు, ఆవకాయ జాడీకి ఒకటి వేలాడుతూ ఉండేవి. "ఇది ఇల్లా, అమ్మోనియా ప్లాంటా?" అని మేష్టారు వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకునేవారు. కాని జాడీ జోలికి మాత్రం వెళ్ళలేదు.

బదిలీ అయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఆదివారానికో భాగం చొప్పున చేస్తూనే ఉన్నాను. అయినా నాలుగో భాగం అయ్యేసరికి మొదటిదానికి దుమ్ము పట్టేది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఒకరోజు ఉండబట్టలేక మామ్మగారిని అడిగేశాను: "మీ ఇల్లు మొత్తం పూర్తయ్యేది ఏ రోజండీ?"

ఆవిడ చేటలో బియ్యం చెరగడం ఆపి మరీ నవ్వారు. "పూర్తవడమేంటి బాబూ? వంటిల్లయ్యేసరికి వసారా, వసారా అయ్యేసరికి మళ్ళీ వంటిల్లు. ఏ ఇల్లాలికైనా ఎప్పుడు పూర్తయింది గనక!"

నేను అక్కడే నిలబడిపోయాను. "ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బావుండేదండీ" అన్నాను.

"అందరికీ తెలిసిందే కదా అనుకున్నాం నాయనా" అన్నారావిడ.

అలా అందరికీ తెలిసి, నాకు ఎవరూ చెప్పని సంగతులు ఇంకా చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఒక్కొక్కటీ పోగుచేసుకుంటున్నాను. మొన్న వంటగది అర తుడుస్తూ ఆ ట్రైనీ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. ఊళ్ళో అందరి ఇళ్ళూ ఎప్పుడో పూర్తయిపోయాయనీ, తనదొక్కటే మిగిలిపోయిందనీ ఎంత గట్టిగా నమ్మేశాడు పాపం, వెర్రి వెధవ!