ఉక్కు పిన్నుకు నేను చెప్పిన అంకె

తెనాలిలో రైస్‌మిల్లులకు విడిభాగాలు చేసే వర్క్‌షాపులో, ఉక్కు గట్టిదనం కొలిచే యంత్రం నా చేతికింద ఉండేది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చి ముందు దాన్ని తుడిచేదాన్ని. గట్టిదనం ముందే తెలిసిన నమూనా బిళ్ళ మీద వజ్రపు మొన దించి, అంకె సరిగ్గా వస్తేనే పని మొదలుపెట్టేదాన్ని. నాకున్నంత శుభ్రం ఎవరికీ లేదని నా పొగరు.

కొలిమి దగ్గర రేపల్లె నుంచి వచ్చే పెద్దాయన ఒకడుండేవాడు. ఉక్కు పిన్నులను ఎర్రగా కాల్చి, రంగు చూసి, గట్టిపడేలా నూనెలో ముంచేవాడు. నేను కొలిచి "యాభై ఎనిమిది, బాబాయ్" అంటే, "అది నూనెలో వేసినప్పుడే తెలుసులే అమ్మాయ్" అనేవాడు. అందరూ నవ్వేవారు. నా డిప్లొమా గంగలో కలిసినట్టుండేది.

దసరాకి యంత్రానికి నేనే పూజ చేశాను. ముక్కను ఆనించే దిమ్మను కూడా ఊడదీసి, అడుగుదాకా పసుపు పూసి బిగించాను. నమూనా బిళ్ళకు బొట్టు పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచాను. మర్నాడు దాన్ని కదపబుద్ధి కాలేదు. సరిచూడకుండానే ఆయన పిన్నులు కొలిచాను. యాభై. ఇంకోటి, యాభై ఒకటి. ఉండాల్సినదానికన్నా మెత్తన. ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. రీడింగులు వెంటనే యజమానికి వాట్సాప్‌లో పెట్టాను.

యజమాని వచ్చి, అందరి ముందూ ఆ పిన్నులను ఆయన చేతే ఒక్కొక్కటిగా తుక్కు డబ్బాలో వేయించాడు.

"కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో పెద్దాయనా! మిల్లుల వాళ్ళ కొంపలు ముంచుతావేంటి?"

ఆయన్ని మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఆ సాయంత్రం తుడుస్తుంటే దిమ్మ కింద పసుపు ఎండి పెచ్చు కట్టి కనిపించింది. బరువు పడినప్పుడల్లా దిమ్మే కిందికి దిగి, ఉక్కు మెత్తగా ఉన్నట్టు చూపించింది. కడిగేసి, తుక్కులోంచి ఒక పిన్ను తీసి కొలిచాను. యాభై ఎనిమిది. చెబితే నా ఉద్యోగం పోతుందని భయం. ఆయన తిరిగొచ్చి మళ్ళీ అందరినీ నవ్విస్తాడని అంతకు మించిన ఒళ్ళుమంట. నోరు మూసుకున్నాను.

వారం తర్వాత ఆయన వచ్చి, ఆనాడు తుక్కు డబ్బాలోంచి తీసి ఉంచుకున్న పిన్ను ఒకటి జేబులోంచి తీశాడు.

"ఇది మళ్ళీ కొలువమ్మా. పొన్నూరు దారిలో ఒక షెడ్డువాళ్ళు పనికి రమ్మంటున్నారు. నా చూపు పోయిందో లేదో తేల్చుకుని వెళ్తాను."

మొన దించాను. ముల్లు యాభై ఎనిమిది మీద ఆగింది. డయలుకు అడ్డంగా నిలబడి, "యాభయ్యే, బాబాయ్" అన్నాను.

ఆయన పిన్నును కాసేపు వేళ్ళతో తడిమాడు.

"చెప్పి పుణ్యం కట్టుకున్నావమ్మా. తెలీక వెళ్ళి వాళ్ళ సరుకూ పాడుచేసేవాణ్ణి."

అని నా ఎదుటే ఆ షెడ్డుకు ఫోన్ చేశాడు.

"నేను రాలేనండి. వేరే ఎవరినన్నా చూసుకోండి. నాకు రంగు తెలియట్లేదండి."