మంత్రపు గోడకి మేస్త్రీ అభ్యంతరం

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం వెతకడమే ఉద్యోగంగా నిష్ఠతో చేస్తున్న రోజులవి. బెంగళూరులో కంప్యూటర్ కంపెనీలో చేరిన మా పెద్దమ్మ కొడుకు ఒకసారి ఇంటికొస్తూ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. అది ఒక ఆట నిబంధనల పుస్తకం. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్లు ఆ కథలో వీరులో, దొంగలో, మాంత్రికులో అయి "నేనిట్లా చేస్తా" అంటారు. అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. అన్న తిరిగి వెళ్లేలోగా వేలూరులో దాన్ని జెరాక్స్ తీయించాను. జెరాక్స్ ఆయన ఏ తొందరలో ఉన్నాడో, ప్రతి పేజీలోనూ అడుగున రెండు మూడు లైన్లు పడలేదు. మినహాయింపులన్నీ పేజీ అడుగునే పెట్టడం ఆ పుస్తకం రాసినవాళ్ల అలవాటని తర్వాత తెలిసింది.

ఆడటానికి నాకు దొరికింది ఇద్దరే. ఒకడు ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చుని, ఆ తర్వాత తాపీ పట్టి మేస్త్రీ అయిన స్నేహితుడు. రెండోవాడు అతని అక్క మొగుడు, నాకూ బావే, స్లాబులకి ఇనప కమ్మీలు కట్టేవాడు. ఇద్దరూ అప్పటికి గుడియాత్తంలో ఉంటున్నారు. ఆదివారం పనుండదు కాబట్టి వాళ్లు ఏ ఇల్లు కడుతుంటే ఆ ఇంట్లోనే కూర్చునేవాళ్లం. నేను వేలూరు పక్కనున్న మా తొరపాడి నుంచి రెండు బస్సులు మారి వెళ్లేవాణ్ణి. ఇరవై ముఖాల పాచిక కావాలంటుంది పుస్తకం. వేలూరు అంగళ్లలో అడిగితే మనిషిని ఎగాదిగా చూశారు. చివరికి తంబోలా బిళ్లలు ఇరవై ఏరి, ఎవర్‌సిల్వర్ చెంబులో వేసి కలిపి, పాచిక బదులు ఒక్కోటి తీసేవాళ్లం.

కథ చెప్పేది నేను. మేస్త్రీ దొంగ వేషం, బావ వీరుడి వేషం తీసుకున్నారు. పది నెలల ఆదివారాలు ఆడాక ఆ దొంగకి ఒక ప్రత్యేక శక్తి వచ్చింది. ఏ గోడలోంచైనా నడిచిపోగలడు.

"వారమంతా గోడ కట్టేది, ఆదివారం దాంట్లో దూరిపోయేది. ఇది కదప్పా బతుకంటే," అన్నాడు. ఆ వారం పనిలో అందరికీ చెప్పుకున్నాడట. వాళ్లేం అర్థం చేసుకున్నారో నేను విచారించలేదు.

నా కష్టం వేరే. అప్పటికే మూడు వారాలు కూర్చుని ఒక కోట గీశాను. ఒకదాని లోపల ఒకటి, పదకొండు గోడలు. ఇప్పుడు ఈ దొంగ టీ తాగేలోపు అన్నీ దాటేస్తాడు. అందుకని పదకొండింటి మీదా పుస్తకంలో ఉన్న మంత్రపు కంచె వేశాను. అది చిన్న సర్దుబాటే అనుకున్నాను.

"మొదటి గోడ. దూరతా," అన్నాడు మేస్త్రీ.

"కుదరదు. మంత్రపు కంచె ఉండాది."

"కంచెనా, గోడనా?"

"గోడ మాదిరి కంచె."

"పునాది ఎంత లోతు?"

"మంత్రానికి పునాది ఉండదప్పా."

"పునాది లేకుండా నిలబడి ఉండాదా! ఎవురు నాయనా కట్టింది?"

"మా ఇంటెనక గోడ కట్టినాయనే అయ్యుంటాడు," అన్నాడు బావ. ఆ గోడ కట్టింది మేస్త్రీయే.

మేస్త్రీ నా వైపే తిరిగాడు. "న్యాయం సెప్పు. అది గోడయితే నాకు శక్తి ఉండాది, దూరతా. గోడ కాకపోతే ఆడ అడ్డమే లేదు, సుమ్మా, ఊరికే నడిచిపోతా."

మూడేళ్ల బీఎస్సీలో దీనికి జవాబు చెప్పలేదు. జెరాక్స్ కాగితాలు సంచీలోంచి బయటికి తీశాను. మంత్రపు కంచె బాణాల్ని ఆపుతుంది, మంటల్ని ఆపుతుంది, ఇక ప్రత్యేక శక్తుల విషయానికొస్తే... అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ గుర్రాల మేతతో మొదలైంది. నేను గొంతు సవరించుకుని, "ఎటువంటి ప్రత్యేక శక్తీ ఈ కంచెను దాటజాలదు" అని గంభీరంగా చదివేశాను.

మేస్త్రీ కాగితం వైపు చూడలేదు. అతనికి ఇంగ్లీషు రాదు. ఒక కన్ను మూసి గోడ వంకర చూసినట్టు నా ముఖం చూశాడు.

"నువ్వు సదవల్యా. సదివేటప్పుడు నీ కన్ను ఇట్నుంచి అట్లా జరగతాది. ఇప్పుడు ఒకే కాడ నిలిచిపోయె."

బావ చెంబు కలపడం ఆపేశాడు.

"అడుగున లైన్లు పడలేదు," అన్నాను. "ఉంటే అదే రాసుంటారు."

"లేనిదాన్ని ఎందుకు సదివినావు? నాకు రాదనే కదా?"

ఆ మాటలో కోపముంటే నాకు కాస్త వీలుగా ఉండేది. లేదు.

"పది నెలలు వచ్చినా. నాకుండేది ఒక్క శక్తి. అది వద్దంటే వద్దని నీ నోట్తో సెప్పు, వచ్చే ఆదివారం నుంచి రాను. పుస్తకం మీద మాత్రం పెట్టద్దు."

నాకు విసుగొచ్చింది. ముందు జెరాక్స్ ఆయన మీద. తర్వాత, నియమాన్ని సగంలో వదిలి గుర్రాల మేతకి పోయిన ఆ రచయితల మీద. ఆటను ఆటగా తీసుకోని ఈ మేస్త్రీ మీద. వరుసలో నా పేరు వీలైనంత వెనక్కి నెట్టాను గానీ, చివరికి వచ్చింది.

"దూరు," అన్నాను. మా మధ్య క్షమాపణ అంతకంటే పొడుగ్గా ఉండేది కాదు.

దూరాడు. ప్రతి గోడ దగ్గరా మందమెంతో అడిగి, పెదవి విరిచి మరీ దూరాడు. మూడు వారాల పని పావుగంటలో అయిపోయింది.

"లోపల ఏముండాది?"

కాగితం చూశాను. మధ్యలో తెల్లటి చదరం. అక్కడిదాకా ఎవరైనా వస్తారన్నది నా ప్రణాళికలో లేదు. నా తెలివంతా రానివ్వకపోవడానికే ఖర్చయింది.

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికా పదకొండు గోడలు?"

"బామ్మర్దీ, ముచ్చట తర్వాత," అన్నాడు బావ. "నేనింకా మొదటి గోడకాడే ఎండలో నిలబడుండా."

మేస్త్రీ నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని, కాగితం తన ముందుకు జరుపుకున్నాడు. నేను స్కేలు పెట్టి గీసిన గోడల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చోట కొట్టేసి, వాకిలి పెట్టుకుంటూ వచ్చాడు.

"నీకెందుకు వాకిలి?" అన్నాను.

"నాకెందుకు? బావ ఎట్లొస్తాడు?"

"కొంచెం వెడల్పుగా పెట్టు," అన్నాడు బావ. "నేను గుర్రంతో వస్తా."

ఆ కోట నాదని గుర్తు చేద్దామనుకున్నాను. అంతలో మేస్త్రీ తల ఎత్తకుండానే రబ్బరు అడిగాడు. ఇచ్చాను.