పది పెట్టినవా

నాకు తొందరెక్కువ. అన్నం ఉడకకముందే మూత తీసి చూసే రకాన్ని. పెద్దమందడిలో ఉన్నన్నాళ్లూ మా అమ్మ దీనికోసం నన్ను తిట్టని రోజు లేదు. అలాంటిదాన్ని వనపర్తిలో ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసువాళ్లు రౌటర్లు చూసే పనిలో పెట్టుకున్నారు.

ఆ పనేమిటని అడిగినవాళ్లకు నేను ఇలా చెబుతాను. వనపర్తి బస్టాండులో మన్ననూర్‌కు దారి అడిగితే, "నాగర్‌కర్నూల్ పో, ఆడ అడుగు" అంటారు. అక్కడ అడిగితే అచ్చంపేట బస్సు చూపిస్తారు. మొత్తం దారి ఎవరికీ తెలియనక్కర్లేదు, తన తర్వాత ఎవరి దగ్గరికి పంపాలో తెలిస్తే చాలు. రౌటర్ కూడా అలా దారి చెప్పే మనిషే. కాకపోతే మనం తప్పు నేర్పితే తప్పే చెబుతుంది, అనుమానపడదు.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. అడవిలో గుట్టల మీద ఉన్న మా రౌటర్లలో ఇక్కడ కూర్చుని దారి మార్చాలంటే ముందు ఆ రౌటర్‌కు పది నిమిషాల గడువు పెట్టాలి. మార్పులో తప్పు దొర్లి మనకూ దానికీ మాటలు తెగిపోతే, పది నిమిషాలకు అది తనంతట తానే ఆగి మళ్లీ లేస్తుంది. సేవ్ చేయని మార్పును మరిచిపోయి పాత దారి పట్టుకుంటుంది. అంతా బాగుందని చూసుకున్నాకే గడువు తీసేసి సేవ్ చేస్తాం. అడవిలో గుట్ట ఎక్కాలంటే అటవీశాఖ అనుమతి, జీపు, సగం రోజు కావాలి మరి. మేమంతా కాకా అని పిలిచే పెద్దాయన, ఎవరు కీబోర్డు ముందు కూర్చున్నా "పది పెట్టినవా?" అంటాడు. చాయ్ తాగినవా అన్నంత మామూలుగా అడుగుతాడు.

ఆ రోజు మధ్యాహ్నం మా చెల్లి నుంచి ఫోన్ వచ్చింది. తను నర్సు. మన్ననూర్ అవతల, అడవిలో చెంచులుండే ఒక పెంటకు, అంటే చిన్న గూడేనికి, కాన్పు కోసం వెళ్లింది. అక్కడ సెల్ సిగ్నల్ ఉండదు. మా గుట్ట మీది రౌటర్ ఇచ్చే నెట్టే ఆధారం, ఫోనైనా అందులోనే.

"అక్కా, కాన్పయింది. పాప మంచిగనే ఉంది. తల్లికి రక్తం ఆగుతలేదు. డాక్టరమ్మ వీడియోల చెప్తుంది గని మాట తెగుతుంది. అంబులెన్స్ ఇంక రాలే. జర చూడవా?"

దాని గొంతు వణుకుతోంది. చిన్నప్పుడు పామును చూసి కూడా వణకని పిల్ల అది.

చూస్తే, గాలికి గుట్ట మీది డిష్ కదిలి, అక్కడి నుంచి మన్ననూర్ టవర్‌కు సిగ్నల్ సగానికి పడిపోయింది. పక్క గుట్ట మీద ఇంకో రౌటర్ ఉంది. అటు సిగ్నల్ గట్టిగా ఉంది, అక్కడి నుంచి బయటికి వేరే దారి కూడా ఉంది. గడువు పెట్టాను. ఇకనుంచి అంతా పక్క గుట్టకు పంపమని రాసి ఎంటర్ కొట్టాను. తెర బిగుసుకుపోయింది.

ఎందుకో అప్పుడు అర్థమైంది. పక్క గుట్ట రౌటర్ బయటికి వెళ్లడానికి ఇంకా ఈ గుట్టనే నమ్ముకుని ఉంది. ముందు దాన్ని మార్చాలి. నేను తొందరలో వెనకది ముందు చేశాను. ఇప్పుడు చెల్లి మాటలు ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు, ఆ గుట్ట నుంచి మళ్లీ ఈ గుట్టకు తిరుగుతున్నాయి. నెట్‌లో మాట ముక్కలుగా వెళుతుంది, ప్రతి ముక్కకూ ఇన్ని మజిలీలే అని ఒక హద్దు ఉంటుంది. అది దాటగానే రౌటర్ దాన్ని పారేస్తుంది.

"పది పెట్టినవా బిడ్డా?" అన్నాడు కాకా.

"పెట్టిన కాకా."

"సేవ్ కొట్టలే గద?"

మార్పు రాయగానే సేవ్ కోసం రెండక్షరాలు కొట్టేయడం నా వేళ్లకు పాత అలవాటు. కొట్టానా? అటునుంచి జవాబు రావడం ఆగింది గానీ, ఇక్కడ కొట్టింది అటు వెళుతూనే ఉంటుంది. సేవ్ అయివుంటే రౌటర్ లేచినా మళ్లీ అదే తప్పు దారి పడుతుంది. ఇక జీపే గతి.

"కొట్టిన్నో లేదో తెల్వదు కాకా," అన్నాను. గుడ్డిగానైనా దిద్దుదామని కీబోర్డు మీదికి వంగాను.

"చెయ్యి తియ్యి! ఒకటి కొడితె ఇంకోటైతది. ఊకె కూసో."

కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను. చెల్లికి ఫోన్ కలవలేదు. అంబులెన్స్‌కు చేస్తే ఘాట్ ఎక్కుతున్నాం అన్నారు. నేను ముఖమైనా చూడని ఆ తల్లి, నా వల్లే చచ్చిపోతోందనిపించింది. అంత భయం నేను ఎన్నడూ పడలేదు. పదో నిమిషం దాటింది. రౌటర్ లేవడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుందని నాకు తెలుసు. తెలిసీ ఏడ్చాను.

పదమూడో నిమిషంలో తెర మీద ఒక జవాబు వచ్చింది, వెనకే ఇంకొకటి. సేవ్ కాలేదు. మళ్లీ పది పెట్టి, ఈసారి ముందు పక్క గుట్టను, తర్వాత ఈ గుట్టను మార్చాను. కాకా ప్రతి అక్షరం చదివాకే ఎంటర్ కొట్టాను. వీడియో కలిసింది, గడువు తీసి సేవ్ చేశాను.

సాయంత్రం పెద్ద దవాఖాన నుంచి చెల్లి ఫోన్ చేసింది. తల్లి బతికింది.

"పొత్తికడుపు వత్తుకుంట ఉండు, నేను చెప్పెదాంక చెయ్యి తియ్యకు అన్నదక్కా డాక్టరమ్మ. గంతలనే ఫోన్ బందైంది. ఆపమని ఎవ్వరు చెప్పలే గద, గందుకె ఆపలే. ఇప్పుడు అన్నం కలుపుదమంటె వేళ్లు ముడుస్తలేవు." మళ్లీ తనే, "గాలికి నెట్ మొత్తం పోయినా మల్ల తెచ్చినవ్. నువ్వు లేకుంటె ఆమె దక్కకపోతుండె," అంది.

గాలి కాదు, నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. "మంచిది, అన్నం తిను" అన్నాను.

ఇంతవరకు చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా చెల్లి నన్ను చూపించి ఆ సంగతి మురిపెంగా చెబుతుంది. నేను దాని వేళ్ల వంక చూస్తూ కూర్చుంటాను.