మోటారు కింద పలకలు

మొన్న అక్క కొడుకు హనుమంతునిపాడు నుంచి ఫోన్ చేశాడు. పిండిమరకు ఉన్న ఐదు హెచ్‌పీ మోటారు కాలిపోతే పామూరులో అదే ఐదు హెచ్‌పీది కొని తెచ్చాడట, తీరా చూస్తే అది పాత దిమ్మె మీద కూర్చోవడం లేదట, కింద ఏమైనా ఎత్తు పెట్టి బిగించమంటావా మామా అని అడిగాడు. ఏదీ పెట్టొద్దు, నేను వచ్చేదాకా స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పి, కొలతలు రాసుకుని, మార్కాపురం లేతు షాపులో ఇనుప ప్లేటు కోయించుకుని, ఈ మోకాళ్లతోనే బస్సెక్కాను.

పలకల మీద అక్షరాలు దిద్దుకున్న మన ఈడువాళ్లకు ఆ పలకలు కోసే యంత్రాల సంగతి తెలిసి ఉండదు. మార్కాపురంలో అలాంటి ఒక ఫ్యాక్టరీలో ఒకప్పుడు నేను మోటారు మెకానిక్‌ని. ఆ పని ఇప్పించింది అక్కే. తను అక్కడ పలకలు ఏరేది, వట్టి వేళ్లతో తడిమి మందం తేడా చెప్పేసేది, ఆ విషయంలో తనకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఒకరోజు కోతమిషను మోటారు కాలిపోతే మేస్త్రీ అదే హెచ్‌పీది తెప్పించాడు. హెచ్‌పీ ఒక్కటే చూసి మోటారు కొనడమంటే మనిషి బరువు అడిగి చెప్పులు కొన్నట్టే. మోటారు రేకు మీద ఫ్రేము నంబరు అని ఇంకొకటి ఉంటుంది, పాదం నుంచి షాఫ్టు నడిమధ్యకు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తో అది చెబుతుంది, బోల్టు రంధ్రాల ఎడం కూడా దాన్నిబట్టే. పాతది నూట ముప్పై రెండు, వచ్చింది నూట పన్నెండు. షాఫ్టు ఇరవై మిల్లీమీటర్లు కిందికి దిగింది, నాలుగు బోల్టుల్లో రెండే పాత రంధ్రాల్లోకి వచ్చాయి. ఇనుప ప్లేటు కోయించి రంధ్రాలు వేయించడానికి రెండు రోజులు కావాలన్నాను. మేస్త్రీకి ఆ ఓపిక లేదు.

"పలకలుండంగా ఇనుమెందుకబ్బా? ఏరి పెట్టు," అన్నాడు.

ఆ ఊళ్లో బల్ల ఊగినా పలకముక్కే, తలుపు నిలవకపోయినా పలకముక్కే, కాబట్టి నాకూ అది తప్పనిపించలేదు. అక్క ఒకే మందం పలకలు ఏరి ఇచ్చింది. నేను పాదాల కింద పేర్చి, రెండు బోల్టులు బిగించి, రెండో వైపు పట్టీలతో అదిమి పెట్టాను. మట్టం చూస్తే వెంట్రుకంత తేడా లేదు. మూడోరోజు మధ్యాహ్నానికి, అదిరీ అదిరీ ఆ పలకలు పిండైపోయి మోటారు ఒరిగింది, జారిన బెల్టు పక్కనే ఉన్న అక్క కుడిచేతిని పుల్లీలోకి లాగేసింది. మణికట్టు దాకా పోయింది.

పరధ్యానంలో తనే చెయ్యి పెట్టిందని మేస్త్రీ అందరికీ చెప్పాడు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం, అంతకు మించి పిరికితనం. పిండైన పలకలను నేనే ఊడ్చి పారేశాను. ఆదివారం ప్రార్థనలో తను ఆ చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంటే నేను వెనక వరసలోకి జరిగి కూర్చునేవాణ్ని.

మొన్న పిండిమరలో ప్లేటు బిగిస్తుంటే అక్క వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడనిపించి, ఆ రోజు తన తప్పేమీ లేదనీ, పలకలు చితకడం వల్లే అంతా జరిగిందనీ చెప్పేశాను. తను లేచి వచ్చి, ప్లేటు అంచును ఎడమచేతి వేళ్లతో తడిమింది.

"తెలుసులేరా. వాటిని ఏరిచ్చింది నేనే గదా. పైకి చెప్తే నువ్వు యాడ కుమిలిపోతావోనని గమ్మునున్నా."

ఇన్నేళ్లూ తను నా కోసం నోరు మూసుకుంది, నేనూ నా కోసమే మూసుకున్నాను. ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకలు లేవు, ఆ ఫ్యాక్టరీ గోడలు కూలి కంపచెట్లు మొలిచాయి, మోటారు కొలతలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఆ సాయంత్రం అక్క నాకు ఎడమచేత్తో అన్నం వడ్డిస్తూ, ఎప్పటిలాగే, ఏమీ అనుకోవద్దంది.